చెంబు పట్టిన చెయ్యి

చెంబుతో చేతులు కడుక్కోవడంలో ఒక చిక్కు ఉంది. కుడిచేత్తో చెంబు వంచితే ఎడమచెయ్యి తడుస్తుంది, ఎడమచేత్తో వంచితే కుడిచెయ్యి తడుస్తుంది. రెండు అరచేతులూ రుద్దుకుంటూ ఉండగా పైనుంచి ధార పడాలంటే చెంబు పట్టుకోవడానికి మూడో చెయ్యి కావాలి. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళకూ అల్లుడికీ ఎవరో ఒకరు చేతులమీద నీళ్ళు పోసే మర్యాద మన ఇళ్ళలో ఉండేది. మర్యాద సంగతి అలా ఉంచినా, ఆ మూడో చేతి అవసరం మాత్రం నిజమైనది. పోసేవాళ్ళు లేనప్పుడు నాలుగు వేళ్ళు తడుపుకుని కంచం ముందు కూర్చోవడమే. పైగా మురికిచేత్తో పట్టుకున్న చెంబునే కడిగిన చేత్తో మళ్ళీ పట్టుకోవాలి.

వాష్ బేసిన్ విప్పేది ఈ చిక్కునే. బేసిన్ అనగానే మనకు తెల్లటి పింగాణీ గిన్నె గుర్తొస్తుంది గానీ అసలు పని గిన్నెది కాదు, గిన్నెకు పైనా కిందా ఉన్న అమరికది. ఆ అమరిక నాలుగు పనులు చేయాలి. రెండు చేతులనూ ఖాళీగా ఉంచి వాటిమీద ధార పడేలా చూడాలి. వాడిన నీళ్ళు వాడబోయే నీళ్ళతో కలవకుండా చూడాలి. వాడిన నీళ్ళను నిలవకుండా తీసుకుపోవాలి. అవి పోయిన దారినుంచి కంపు, పురుగు, రోగం ఇంట్లోకి తిరిగి రాకుండా కాపలా కాయాలి. ఈ నాలుగూ జరిగితే అయిదు లీటర్ల నూనె డబ్బా కూడా మంచి బేసినే. ఒక్కటి తప్పినా ఎంత ఖరీదైన పింగాణీ అయినా ఉత్త గిన్నే.

ఈ అధ్యాయమంతా చెప్పదలచుకున్నది ఇదే: చేతుల శుభ్రత ఎంతసేపూ మనుషుల బుద్ధికి సంబంధించిన విషయమనుకుని బోధలు చేస్తుంటాం. కానీ అది ఎక్కువగా నీళ్ళూ సబ్బూ ఎంత దగ్గరలో, ఎంత వీలుగా ఉన్నాయన్నదానిమీదే ఆధారపడుతుంది. వీలుగా అమర్చడం నేర్చుకోదగిన విద్య.

సబ్బు చేసే పని, నీళ్ళు చేసే పని

పప్పు, నెయ్యి కలుపుకుని తిన్నాక చేతిని ఉత్త నీళ్ళతో కడిగితే జిడ్డు పోదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, నూనె అణువులను దగ్గరికి రానివ్వవు. సబ్బు అణువుకు రెండు కొసలు ఉంటాయి. ఒక కొస నీటిని కోరుకుంటుంది. పొడవైన తోకలాంటి రెండో కొస నీటిని వదిలి నూనెలో గుచ్చుకుంటుంది. రుద్దేకొద్దీ ఈ తోకలు జిడ్డు చుట్టూ చేరి దాన్ని చిన్నచిన్న బొట్లుగా విడగొడతాయి. ప్రతి బొట్టుకూ వెలుపల నీటిని కోరే కొసలే ఉంటాయి కాబట్టి నీళ్ళు పోయగానే ఆ బొట్లు నీళ్ళతోపాటు కొట్టుకుపోతాయి. కుంకుడు రసం నురగ రావడానికీ, జిడ్డు వదలగొట్టడానికీ కారణం కూడా దానిలో ఉన్న ఇలాంటి రెండు కొసల పదార్థాలే.

సూక్ష్మజీవులు మన చర్మపు జిడ్డులోనే అంటుకుని ఉంటాయి. జిడ్డు కదిలితే అవీ కదులుతాయి. ఫ్లూ, కరోనా జాతి వైరస్‌ల వెలుపలి పొర కొవ్వుతో చేసినదే కాబట్టి సబ్బు తోకలు దానిలోకి దూరి పొరనే చీల్చేస్తాయి. పిల్లలకు విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు అలాంటి కొవ్వు పొర లేదు, దాన్ని సబ్బు అంత తేలిగ్గా చంపలేదు. అక్కడ పనిచేసేది రుద్దుడూ, ధారా. చర్మంమీదనుంచి లేపి కాలవలోకి పంపేయడమే. అందుకే కనీసం 20 సెకన్లు రుద్దమంటారు. అందుకే నిలవ నీళ్ళలో చేతులు ముంచి తీయడం కడగడం కిందికి రాదు. చేతినుంచి వదిలినవి గిన్నెలో తేలుతూ అదే చేతికి మళ్ళీ అంటుకుంటాయి.

పాకిస్తాన్‌లోని కరాచీ మురికివాడల్లో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. సబ్బు ఇచ్చి చేతులు కడుక్కోవడాన్ని ప్రోత్సహించిన ఇళ్ళలో 15 ఏళ్ళలోపు పిల్లలకు విరేచనాలు 53 శాతం, 5 ఏళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా 50 శాతం తగ్గాయి. మామూలు సబ్బుకూ, క్రిములను చంపే మందు కలిపిన సబ్బుకూ ఫలితంలో తేడా రాలేదు. పది రూపాయల సబ్బు చాలు, అది చేతికందేచోట ఉంటే.

మన భోజనపు అలవాటును కూడా ఇక్కడ గమనించాలి. మనం చేత్తో తింటాం. తిన్నాక చెయ్యి ఎంతో శ్రద్ధగా కడుక్కుంటాం, ఎందుకంటే కూర వాసన ముక్కుకు తెలుస్తుంది, పసుపు మరక కళ్ళకు కనిపిస్తుంది. తినేముందు మాత్రం చాలామందిమి నీళ్ళు చిలకరించుకుని కూర్చుంటాం. కడుపులోకి పోయేది తినేముందున్న చెయ్యే కదా! కనిపించని మురికికోసం కడగాలంటే కడగడం ఎంతో తేలిక కావాలి.

వియన్నాలో ఒక గిన్నె

కడిగిన చెయ్యి ప్రాణాలు కాపాడుతుందని లెక్కలతో చూపినవాడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే హంగేరీ వైద్యుడు. 1840ల్లో ఆయన పనిచేసిన వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలు ఉండేవి. ఒకదానిలో వైద్యులూ వైద్య విద్యార్థులూ పురుడు పోసేవాళ్ళు, రెండోదానిలో మంత్రసానులు. వైద్యులున్న విభాగంలోనే బాలింతలు సూతిక జ్వరంతో ఎక్కువగా చనిపోయేవాళ్ళు. 1847లో ఆయన మిత్రుడు కొలెచ్కా శవపరీక్ష చేస్తుండగా కత్తి గుచ్చుకుని, సరిగ్గా ఆ బాలింతల లక్షణాలతోనే మరణించాడు. వైద్యులు శవపరీక్ష గదినుంచి నేరుగా ప్రసూతి గదికి వస్తున్నారు, మంత్రసానులు శవాల దగ్గరికి పోరు. తేడా చేతుల్లో ఉందని సెమ్మెల్‌వైస్‌కు అర్థమైంది.

1847 మే నెలలో ఆయన ఒక నియమం పెట్టాడు. మన పంచాయతీవాళ్ళు బావుల్లో వేసే బ్లీచింగ్ పౌడర్ లాంటి క్లోరిన్ సున్నం కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కున్నాకే ఎవరైనా లోపలికి రావాలి. ఏప్రిల్‌లో 18.3 శాతంగా ఉన్న మరణాలు జూన్‌కల్లా 2.2 శాతానికి దిగాయి. సూక్ష్మజీవులవల్ల రోగాలొస్తాయన్న సిద్ధాంతం అప్పటికింకా స్థిరపడలేదు.

అదే ఏడాది అక్టోబరులో మరో పాఠం వచ్చింది. గర్భాశయ క్యాన్సర్ కుళ్ళిన ఒక రోగిని వరుసలో మొదటి మంచంమీద పడుకోబెట్టారు. వైద్యులు లోపలికి వచ్చేటప్పుడు క్లోరిన్ నీళ్ళతో కడుక్కున్నారు గానీ ఒక రోగినుంచి ఇంకో రోగికి వెళ్ళేటప్పుడు అలా కడుక్కోలేదు. ఆమెతోపాటు ఆ వరుసలో ఉన్న 12 మందిలో 11 మంది చనిపోయారు. దాంతో నియమం మారింది, రోగికీ రోగికీ మధ్య కూడా క్లోరిన్ నీళ్ళతో కడుక్కోవాల్సిందేనన్నాడు. గుమ్మం దగ్గర ఒక గిన్నె ఉంటే చాలదు, చెయ్యి మలినమయ్యే ప్రతిచోటా అది అందుబాటులో ఉండాలి. ఇప్పటికీ ఆసుపత్రులు కట్టేవాళ్ళు మర్చిపోకూడని సంగతి ఇది.

పైనుంచి వచ్చే నీళ్ళు

కుళాయి ధారకు బలం ఎక్కడిది? నీటి ఎత్తునుంచి వచ్చింది. నీటి మట్టం 10 మీటర్లు ఎత్తులో ఉంటే కింద ప్రతి చదరపు సెంటీమీటరు మీదా సుమారు 1 కిలో ఒత్తిడి పడుతుంది. డాబామీది ట్యాంకు మన కుళాయికి 3 మీటర్లు పైన ఉంటే ఆ ఒత్తిడి 300 గ్రాములు. ట్యాంకు ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు. 200 లీటర్ల డ్రమ్ము అయినా, 2,000 లీటర్ల ట్యాంకు అయినా నీటి మట్టం ఒకే ఎత్తులో ఉంటే ఒత్తిడి ఒకటే.

ధార వేగానికి 17వ శతాబ్దపు ఇటలీ శాస్త్రవేత్త టోరిసెల్లి ఒక సూత్రం చెప్పాడు. బెజ్జానికి పైన ఉన్న నీటి ఎత్తునుంచి జారవిడిచిన రాయి కిందికి చేరేసరికి ఎంత వేగం అందుకుంటుందో, బెజ్జంలోంచి నీళ్ళు అంత వేగంతో వస్తాయి. 1 మీటరు ఎత్తు నీళ్ళుంటే సెకనుకు 4.4 మీటర్ల వేగం. ఎత్తు నాలుగింతలైతే వేగం రెండింతలే అవుతుంది. ఈ సూత్రంతో మనం తర్వాత ఒక బడికి కుళాయి వరుస లెక్కగడదాం.

కుళాయి మూతికీ బేసిన్ అంచుకూ మధ్య ఖాళీ ఎందుకు వదులుతారో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన ఊళ్ళలో మునిసిపాలిటీ నీళ్ళు రోజంతా రావు. సరఫరా ఆగాక పైపు ఖాళీ అవుతూ లోపల గాలి పీల్చుకుంటుంది. ఎవరైనా మోటారు నేరుగా పైపుకు బిగిస్తే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. అప్పుడు కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టం కొస బకెట్టు నీళ్ళలో మునిగి ఉంటే ఆ మురికి నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి ప్రయాణించి వీధి పైపులో కలుస్తాయి. కుళాయి మూతి బేసిన్ అంచుకు కనీసం 25 మిల్లీమీటర్లు పైన ఉంటే పీల్పు ఎంత ఉన్నా గాలే పోతుంది, నీళ్ళు పోవు. రూపాయి ఖర్చు లేని రక్షణ ఇది. అందుకే గొట్టం కొసను బకెట్టులోనో తొట్టిలోనో ముంచి వదిలేయకూడదు.

గిన్నె కింద వంపు

బేసిన్ కింద వంగి చూస్తే గ్లాసంత లావున్న ఒక భాగం వేలాడుతూ ఉంటుంది. దాన్ని బాటిల్ ట్రాప్ అంటారు. కింద బకెట్టు పెట్టుకుని ఆ గ్లాసు భాగాన్ని చేత్తో తిప్పితే ఊడి వస్తుంది. దానిలో నల్లటి నీళ్ళు, వెంట్రుకల ఉండ, సబ్బు తరక, ఒక్కోసారి పోయిందనుకున్న ముక్కుపుడక కూడా దొరుకుతాయి. ఇప్పుడు పైకి చూడండి. బేసిన్ నుంచి దిగిన గొట్టం ఒకటి గ్లాసు మధ్యలోకి లోతుగా మునిగి ఉండేలా వేలాడుతోంది. బయటికి పోయే దారి మాత్రం గ్లాసు పైభాగంలో పక్కన ఉంది. అంటే బేసిన్ నుంచి దిగిన నీళ్ళు గొట్టం కింది అంచును దాటి, మళ్ళీ పైకి లేచి, పక్క దారిలో పోవాలి. ధార ఆగాక కొన్ని నీళ్ళు గ్లాసులో మిగిలిపోతాయి. ఆ మిగిలిన నీళ్ళే కాపలాదారు. కాలవ గాలి, బొద్దింకలు ఆ నీటి తెరను దాటి రాలేవు.

మేస్త్రీలు గోడకు ఆ చివరా ఈ చివరా మట్టం చూసుకునే నీళ్ళ గొట్టంలో రెండు కొసల్లో నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. ట్రాపులో నీళ్ళు నిలిచేదీ సరిగ్గా ఆ సూత్రంతోనే. గొట్టాన్ని యు ఆకారంలో వంచినా ఇదే జరుగుతుంది. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల తయారీదారు మరుగుదొడ్డి పైపును ఇలా వంచి పేటెంటు తీసుకున్నాడు. ఇళ్ళలోపలికి బేసిన్లూ మరుగుదొడ్లూ రావడానికి ఈ ఒక్క వంపు దారి తీసింది.

ఆ తెర లోతు సాధారణంగా 50 మిల్లీమీటర్లు. వాతావరణ పీడనం 10 మీటర్ల నీటిని మోస్తుంది కాబట్టి, దానిలో 200వ వంతు పీల్పు చాలు ఈ తెర తెగడానికి. బేసిన్ నిండా నీళ్ళు పట్టి ఒక్కసారిగా వదిలితే సన్నటి పైపు నిండుగా పారి, వెళ్తూవెళ్తూ ట్రాపులోని నీళ్ళను కూడా తనతో లాక్కుపోవచ్చు. చివర్లో వచ్చే గుడగుడ శబ్దం అదే, గాలికోసం పైపు ట్రాపునుంచి పీల్చుకుంటోందన్నమాట. ఆ శబ్దం రోజూ వినిపిస్తుంటే ట్రాపు తర్వాతి పైపును కొంచెం లావుగా, తక్కువ వాలుతో వేయించాలి, లేదా గాలి పోయే గొట్టం ఒకటి పెట్టించాలి.

తెర ఇంకో విధంగా కూడా పోతుంది: ఎండిపోయి. ఎండాకాలమంతా తాళం వేసిన ఇంట్లో అడుగుపెట్టగానే కాలవ కంపు కొట్టేది అందుకే. ప్రతి బేసిన్‌లో, బాత్‌రూమ్ నేలలోని ప్రతి నహానీ ట్రాపులో చెంబెడు నీళ్ళు పోస్తే కాసేపట్లో కంపు పోతుంది. ఇల్లు నెలల తరబడి మూసి ఉంచాల్సి వస్తే ఆ నీళ్ళమీద రెండు చెంచాల వంటనూనె వేసి వెళ్ళండి. నూనె పొర నీళ్ళను ఆవిరి కానివ్వదు.

ఇది కంపుతో ఆగే విషయం కాదు. 2003 మార్చిలో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే ఆకాశహర్మ్యాల సముదాయంలో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకింది. అతిసారంతో ఉన్న ఒక రోగి అక్కడికి వచ్చి మరుగుదొడ్డి వాడి వెళ్ళాడు. చాలా ఫ్లాట్లలో బాత్‌రూమ్ నేలలోని ట్రాపులు ఎండిపోయి ఉన్నాయి. గాలిని బయటికి తోసే ఫ్యాను వేసినప్పుడు గదిలో పీల్పు పుట్టి, మురుగు పైపులోని తుంపరలు ఎండిన ట్రాపుల్లోంచి ఇళ్ళలోకి వచ్చాయని పరిశోధకులు తేల్చారు. చెంబెడు నీళ్ళుంటే మూసుకుని ఉండాల్సిన దారి అది.

గోడకు బేసిన్ బిగించడం

ఇప్పుడు పనిలోకి దిగుదాం. పెద్దవాళ్ళు వాడే బేసిన్ పై అంచు నేలనుంచి 80 సెంటీమీటర్లు ఉండాలి. చిన్నపిల్లలకోసమైతే 55–60 చాలు, అంతకంటే ఎత్తైతే నీళ్ళు మోచేతులమీదుగా చంకల్లోకి కారతాయి. గోడమీద మట్టం గీత గీసుకుని, బేసిన్‌ను ఆనించి రంధ్రాల గుర్తులు పెట్టుకోవాలి. బేసిన్ బరువు కొద్ది కిలోలే అయినా పిల్లలు దానిమీద బరువు మోపి వేలాడతారు. అందుకని బోల్టులు ఇటుకలో గట్టిగా దిగాలి. బోలు ఇటుకల గోడైతే ఆచోట కాంక్రీటు పోసి గట్టిపరచాలి.

బేసిన్‌మీద నిలబడే కుళాయి అయిన పిల్లర్ కాక్‌నూ, అడుగు బెజ్జంలో కూర్చునే వేస్ట్ కప్లింగ్‌నూ బేసిన్ ఇంకా నేలమీద ఉండగానే బిగించుకోండి, గోడకెక్కాక పానా తిరగదు. కప్లింగ్‌కు పైనా కిందా రబ్బరు వాషర్లు పడాలి. చేత్తో బిగించాక పానాతో పావు చుట్టు చాలు, అతిగా బిగిస్తే పింగాణీ పగులుతుంది. మర ఉన్నచోట టెఫ్లాన్ టేపును మర బిగిసే దిక్కులోనే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి వస్తుంది. బేసిన్‌ను గోడకు బిగించి, గోడకున్న యాంగిల్ కాక్‌నుంచి కనెక్షన్ పైపు కలపండి. కింద 32 మిల్లీమీటర్ల బాటిల్ ట్రాపు, దాన్నుంచి మీటరుకు రెండున్నర సెంటీమీటర్ల వాలుతో వేస్ట్ పైపు. ముడతల పైపును అలాగే నేలలోకి దూర్చేస్తే ప్రతి ముడతలోనూ మెతుకులు ఆగి కుళ్ళుతాయి. ట్రాపు పెట్టడమే మేలు.

చివరగా పరీక్ష. బేసిన్‌ను పై అంచు కింద ఉన్న చిన్న బెజ్జందాకా నింపండి. ఆ బెజ్జం కుళాయి కట్టడం మర్చిపోయినప్పుడు పొంగకుండా కాపాడేది. అక్కడినుంచి నీళ్ళు కిందికి పోతున్నాయో లేదో చూడండి. తర్వాత మూత తీసి, నీళ్ళు పోతుండగా ప్రతి అతుకునూ పొడి కాగితంతో ఒత్తి చూడండి. కంటికి కనిపించని చెమ్మ కాగితంమీద తెలిసిపోతుంది. అన్నీ సరిగ్గా ఉన్నాకే బేసిన్‌కూ గోడకూ మధ్య తెల్లసిమెంటు పూయాలి.

అయిదు లీటర్ల డబ్బాతో

పైపు లేని చోట ఏం చేయాలి? 1980ల్లో జింబాబ్వేలో డాక్టర్ జిమ్ వాట్ దీనికి చక్కటి జవాబు చెప్పాడు. వంగి నీళ్ళు పోసే పాత్ర. అక్కడ సొరబుర్రతోనూ చేశారు, ప్లాస్టిక్ డబ్బాలతోనూ చేశారు. టిప్పీ ట్యాప్ పేరుతో అది ఎన్నో దేశాలకు పాకింది. దానిలో కాలితో తొక్కే రకం చెంబు పట్టే మూడో చెయ్యిగా కాలిని వాడుకుంటుంది. చేతులు దేన్నీ ముట్టుకోవాల్సిన పని లేదు.

పిడి ఉన్న అయిదు లీటర్ల నూనె డబ్బాను సబ్బుతో బాగా కడిగి తీసుకోండి. పురుగుమందు, యాసిడ్, రంగు డబ్బాలను ఎంత కడిగినా ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు. పిడికి ఎదురు వైపున, మూతికి 12 సెంటీమీటర్లు కింద కాల్చిన మేకుతో 3 మిల్లీమీటర్ల బెజ్జం పెట్టండి. పిడి పక్కన వెనకవైపు పైభాగంలో ఇంకో బెజ్జం గాలికోసం పెట్టండి. అది లేకపోతే ధార ఆగిఆగి వస్తుంది. రెండు పంగల కర్రలను రెండడుగుల ఎడంలో అడుగున్నర లోతు పాతి, పిడిలోంచి అడ్డకర్ర దూర్చి పంగలమీద ఉంచండి. మూతి మెడకు తాడు కట్టి, దాని రెండో కొసను నేలమీద ఏటవాలుగా ఉంచిన తొక్కుడు కర్రకు కట్టండి. కర్ర కొస నేలకు జానెడు పైన ఉండాలి. సబ్బుకు మధ్యలో బెజ్జం చేసి తాడుతో వేలాడదీయండి. దానిపైన చిన్న మూతలాంటిది కడితే వానకు కరగదు.

నీళ్ళు ముందువైపు బెజ్జానికి కొంచెం కిందిదాకా నింపాలి. ఇప్పుడు కర్ర తొక్కండి. తాడు మూతిని కిందికి లాగుతుంది, డబ్బా ముందుకు వంగుతుంది, లోపలి నీళ్ళు బెజ్జం వైపు చేరతాయి, సన్నటి ధార మొదలవుతుంది. కాలు తీయగానే డబ్బా తనంతట తానే నిటారుగా వస్తుంది. అడ్డకర్ర పైన ఉంది, నీళ్ళ బరువు కింద ఉంది, బరువెప్పుడూ ఆధారానికి సరిగ్గా కిందికి వచ్చి నిలవాలని చూస్తుంది. కుళాయి కట్టేయడం మర్చిపోయే ప్రసక్తే లేదు.

బెజ్జంపైన 5 సెంటీమీటర్ల నీళ్ళుంటే టోరిసెల్లి లెక్కన వేగం కట్టి, బెజ్జం దగ్గర ధార సన్నబడడాన్ని తీసేస్తే సెకనుకు సుమారు 4 మిల్లీలీటర్లు వస్తాయి. తడుపుకోవడానికీ కడుక్కోవడానికీ కలిపి 25 సెకన్లు తొక్కితే 100 మిల్లీలీటర్లు. డబ్బాలో 3 లీటర్లు పడితే పాతికమందికి సరిపోతుంది.

బడిలో పదిమందికి ఒకేసారి

మధ్యాహ్న భోజనం గంట కొట్టింది. 100 మంది పిల్లలు, 2 కుళాయిలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కరికి 40 సెకన్లంటే ఆఖరి పిల్లవాడి వంతు వచ్చేసరికి 33 నిమిషాలు గడుస్తాయి. అన్నం ముందు పెట్టుకుని అంతసేపు ఏ పిల్లలు ఆగుతారు? కడుక్కోకుండా వెళ్ళిపోతారు. వాళ్ళకు బుద్ధి చెప్పడంకంటే కుళాయిలు పెంచడం మేలు.

32 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తీసుకుని అర మీటరుకు ఒకటి చొప్పున 2 మిల్లీమీటర్ల బెజ్జాలు 10 పెట్టండి. పైపుకంటే 1 మీటరు ఎత్తులో దిమ్మెమీద డ్రమ్ము ఉంచి, మధ్యలో ఒకే ఒక్క వాల్వు బిగించండి. అదే లెక్కన ఒక్కో బెజ్జంనుంచి సెకనుకు సుమారు 8 మిల్లీలీటర్లు వస్తాయి. బెజ్జాలన్నీ కలిపినా పైపు వెడల్పులో చిన్న వంతే కాబట్టి మొదటి ధారకూ పదో ధారకూ తేడా రాదు. ఒక పెద్ద పిల్ల వాల్వు దగ్గర నిలబడాలి. 5 సెకన్లు తెరిస్తే అందరూ చేతులు తడుపుకుంటారు. కట్టేసి 20 అంకెలు లెక్కపెడుతుంటే సబ్బుతో రుద్దుకుంటారు. మళ్ళీ 20 సెకన్లు తెరిస్తే కడుక్కుంటారు. జట్టు మారడానికి పట్టే సమయం కలుపుకున్నా నిమిషానికి పదిమంది, పది నిమిషాల్లో వందమంది అయిపోతారు. మనిషికి 200 మిల్లీలీటర్లు, మొత్తం 20 లీటర్లు. నిమిషానికి 6 లీటర్లు పోసే మామూలు కుళాయిని ఒక్కొక్కరు 45 సెకన్లు తెరిచి ఉంచితే ఇదే పనికి 450 లీటర్లు కావాలి.

బెజ్జాలను పైపుకు సరిగ్గా అడుగున పెట్టొద్దు, కొంచెం పక్కకు పెట్టండి. అడుగున మట్టి పేరుకుని మూసుకుపోతాయి. పైపు చివరి మూత మరతో తిరిగేదైతే వారానికోసారి తీసి కడగొచ్చు. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల బోరు నీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువ. ఆ నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి తరక కడుతుంది, బెజ్జాల చుట్టూ పెచ్చు పేరుకుంటుంది. నిమ్మచెక్కతోనో చింతపండుతోనో రుద్దితే ఆ పులుపుకు పెచ్చు కరుగుతుంది. చేతులకోసం వాననీళ్ళు పట్టి ఉంచుకోగలిగితే సబ్బు చాలా ఆదా అవుతుంది.

వాడిన నీళ్ళకు దారి

నీరు పల్లమెరుగు. ఆ పల్లం ఎక్కడుండాలో మనం ముందే నిర్ణయించాలి, లేకపోతే అది నిర్ణయించుకున్నచోట బురద, దోమలు చేరతాయి. పైపు కింద సిమెంటు తొట్టి కడితే 2 మీటర్లకు 5 సెంటీమీటర్ల వాలు ఇచ్చి, బయటికి పోయేచోట మెతుకులు ఆపే జాలీ పెట్టండి. అక్కడినుంచి ఇంకుడు గుంతకు పంపాలి. మీటరు లోతు, మీటరు వెడల్పు గుంతలో అడుగున పెద్ద రాళ్ళు, వాటిపైన చిన్న రాళ్ళు, పైన కంకర. తాగునీటి బావికీ బోరుకూ కనీసం 15 మీటర్ల దూరంలో తవ్వాలి.

తవ్వేముందు నేల పరీక్ష చేయండి. అడుగు లోతు గుంట తీసి నీళ్ళు నింపి ఎంతసేపట్లో ఇంకుతాయో చూడండి. ఎర్రనేలలో, ఇసుకనేలలో తొందరగా ఇంకుతాయి. నల్లరేగడి నీళ్ళు తాగి ఉబ్బి మూసుకుపోతుంది, అక్కడ ఇంకుడు గుంత నిండి పొంగుతుంది. అలాంటిచోట నీళ్ళను పరచి అరటి, చేమ, మెట్టతామర వేసిన మడిలోకి పారించండి. చేతులు కడిగిన నీళ్ళలో ఉండే కాస్త సబ్బును ఆ మొక్కలు తట్టుకుంటాయి.

ఇంత చేసినా ఒక్క లోటు అన్నింటినీ వమ్ము చేస్తుంది. డబ్బా ఖాళీగా ఉండడం, సబ్బు అరిగిపోయి తాడు మాత్రం వేలాడుతూ ఉండడం. నీళ్ళు లేని బేసిన్ దగ్గరికి రెండు రోజులు వెళ్ళినవాళ్ళు మూడో రోజు వెళ్ళరు. కాబట్టి ఎవరు నింపాలి, ఎవరు సబ్బు మార్చాలి అన్నది కూడా అమరికలో భాగమే. బేసిన్ కట్టిన రోజే ఆ పేర్లు పక్కన గోడమీద రాసి ఉంచాలి.

ఇప్పుడు మీ ఇంట్లో మరుగుదొడ్డి తలుపునుంచీ, వంటగట్టునుంచీ, పిల్లలు అన్నం తినేచోటునుంచీ నీళ్ళూ సబ్బూ కలిసి ఉన్న చోటికి ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. పదికి మించితే ఈ ఆదివారం ఒక డబ్బా తీసుకుని ఆ దూరం తగ్గించండి. ఇంట్లో ఎవరికీ ఏమీ బోధించకుండానే చేతులు కడుక్కోవడం పెరుగుతుంది.